పరుగుల పిట్టకు కట్టిన సద్ది

నాయనా, అమ్మణ్ణీ, మీ అవ్వ ఈ అరబ్బు దేశంలో, బర్కా ఊర్లో వంట చేస్తాండేది మీకు తెలుసు. సముద్రం గట్టున పిట్టలకు కావలి కూర్చున్నది మటుకు తెలీదు. మీ అమ్మకు చెప్తే నవ్వుతాదని ఇన్నాళ్లూ దాచిపెట్టినా. ఇప్పుడు ఫోన్లో చెప్తాండా, ఇద్దరూ వినండి.

నేను పని చేసే ఇంటి ఎనక ఖర్జూరం తోట, తోట దాటితే సముద్రం. చలికాలమంతా ఆడ ఇసకలో చిన్న చిన్న పిట్టలుంటాయి. పిచ్చిక కంటే రవంత పెద్దవి. పొట్ట సున్నం కొట్టినట్టు తెల్లగా, కాళ్లు కాలిన అగ్గిపుల్లల మాదిరి నల్లగా. అల ఎనక్కి పోతే దాని ఎంటబడి పరిగెత్తి ఇసకలో ముక్కు పెడతాయి. అల తిరిగొస్తే కాళ్లు తడవకుండా ఒకటే పరుగు. పొద్దస్తమానం ఇదే ఆట. నేను వాటికి పరుగుల పిట్టలని పేరు పెట్టుకుంటి.

మా మేడమ్ కూతురు కాలేజీలో చదువుతాంది. ఆ పాపకు ఈ పిట్టలంటే ప్రాణం. నన్ను ఖాలా అంటాది, అంటే పిన్నమ్మ అన్నట్టు. మేమిద్దరం సగం హిందీ, సగం అరబ్బీ, మిగిలింది చేతులతో మాట్లాడుకుంటాం. ఒకనాడు ఆ పాప చెప్పె.

"ఖాలా, ఇవి మా ఊరివి కాదు. భూమికి పైకొసన మంచు దేశముంది, అక్కడ గుడ్లు పెడతాయి. ఎండలు ముదిరేలోపల మళ్లీ అక్కడికే పోతాయి."

"అంత దూరం ఎట్ల పోతాయి పాపా?"

"రెక్కలతో. మరి వీటికి టికెట్ ఏ కంపెనీ ఇస్తుంది?"

ఇద్దరం నవ్వుకుంటిమి. మళ్లా ఆ పాప మొగం చిన్నబుచ్చుకొని ఇంకో మాట చెప్పె. ఆడ మంచు ఇప్పుడు ముందే కరిగిపోతాందంట. పురుగులు ముందే పుట్టి, ముందే పోతాండాయంట. వీటి పిల్లలు గుడ్డు పగలగొట్టుకొని వచ్చేసరికి తిండి దొరకడం లేదంట. నాకు టక్కున అర్థమాయె. పదును ఆరిపోయినాక శెనక్కాయ ఇత్తితే ఏమైతాదో మనకొకరు చెప్పాల్నా?

ఎన్ని పిట్టలు బతికి తిరిగొస్తాండాయో తెలిసేదానికి, ఆడుండే వాళ్లు కొన్నిటి కాలికి అక్షరాలు రాసిన చిన్న బిళ్ల కడతారంట. మా గుంపులో అట్లాంటిది ఒకటుండె, ఆకుపచ్చ బిళ్ల. పాప ఎన్నిసార్లు పోయినా అక్షరాలు చదివేలోపల అది పరుగు తీస్తాది. "ఎవరో ఒకరు చదివి రాస్తేనే అది బతికుందని వాళ్లకు తెలిసేది ఖాలా. ఇవి పోయేలోపల చదవాలి" అనె. పిట్టల మెడ మీద అప్పటికే ఇటుకపొడి రంగు దిగుతాండె. ఆ రంగు తిరిగితే ఇంక ప్రయాణమేనంట.

ఇంక మీ అవ్వ తెలివి చూడండి. ఊరికి పొయ్యేవాళ్లను సద్ది కట్టకుండా పంపుతామా మనం? పైగా అన్ని పరుగులు ఆకలికి కాకపోతే దేనికి అనుకుంటి. పొద్దున్నే మిగిలిన అన్నమంతా గిన్నెకెత్తుకోని పోయి ఇసక మీద చల్లి వస్తి. మూడు దినాలు అదే పని. పాపకు చెప్పలే, మంచి పని చెప్పి చేస్తామా అని.

నాలుగో దినం పాప వాకిట్లోనే కూలబడె. "ఖాలా, పిట్టలు మాఫీ!" అనె. మాఫీ అంటే ఈడోళ్ల మాటలో లేవని. ఒక్కటీ లేదంట, గట్టంతా కాకులేనంట. అప్పుడే పక్క తోటలో పని చేసే తెలంగాణ ఆయన నన్ను చూసి గోడ మీంచి కేకేసె.

"ఏందక్కా, కాకులకు హోటల్ వెట్టినవా? పార్సల్ గూడ ఇస్తున్నవా?"

పాప నన్ను చూసె, నా చేతిలో గిన్నెను చూసె. తిట్టలేదు. కళ్లలో నీళ్లు తిప్పుకొనె. అవి అన్నం తినవంట నాయనా! తడి ఇసకలో ఉండే సన్న సన్న పురుగులే వాటి తిండంట. అన్నానికి కాకులు దిగి, వాటిని తరిమి తరిమి కొట్టినాయంట.

పొరక తీసుకోని పోయి గట్టంతా ఊడిస్తి. సముద్రానికి కసువు చిమ్మినదాన్ని ఈ దేశంలో నేనొక్కదాన్నే ఉంటా. మెతుకు లేకుండా చేసినా కాకులు పోతేనా? నా నెత్తి మీది ఎర్ర గుడ్డ కనిపిస్తే చాలు, అన్నం తెచ్చిందని కావ్ కావ్ అంటా నా ఎంటే వస్తాండె.

మేడమ్ కడుపు పట్టుకోని నవ్వి, తన పాత నల్ల బురఖా తెచ్చి నాకేసె. కాకులకే కాదు, నాకే నేను గుర్తు దొరకలే. తోట కాడ ఆ తెలంగాణ ఆయన వంగి "సలామలేకుం" అనె. "వాలేకుం సలామ్ తమ్మీ" అంటి. ఆయన చేతిలో కొడవలి జారిపాయె.

పాప కాలేజీకి పోతా తన బైనాక్యులర్ నా మెడలో ఏసిపోయె. దినామూ వంట అయినాక పోయి ఇసకలో రాయి మాదిరి కదలకుండా కూర్చుంటాంటి. కాకులు రెండు దినాలు చూసి, ఈమె కాడ ఏమీ లేదని తోట దాటి పాయె. ఇంకో రెండు దినాలు గట్టు ఖాళీ. ఐదో దినం నీళ్లంచున ఏదో తెల్లగా దొర్లినట్టాయె. చూస్తే పరుగుల పిట్టలు! నేను ఊపిరి కూడా మెల్లగా తీస్తి. మన ఇంటి వసారా పొడుగంత దగ్గరికొచ్చె. వాటిల్లో ఒకదాని కాలికి ఆకుపచ్చ బిళ్ల!

నాకు ఇంగ్లీషు రాదు. ముగ్గులొచ్చు. ఎవరి వాకిట్లో చూసిన ముగ్గయినా ఇంటికొచ్చి చుక్క తప్పకుండా ఏసేదాన్ని. బిళ్ల మీద ఒక గీత ఒకే మెట్టుండే నిచ్చెన మాదిరుండె, ఇంకోటి తిరగేసిన కొడవలి. ఏలితో ఇసకలో గీస్తి. అల వచ్చి తుడిచేసె. పైకి పరిగెత్తి పొడి ఇసకలో మళ్లీ గీసి, ఎవరూ తొక్కకుండా చుట్టూ పెద్ద ముగ్గేసి, దాని పక్కనే కూర్చుంటి. పాప వచ్చేదాకా లేస్తే ఒట్టు.

పాప వచ్చి ముగ్గును చూసె, బైనాక్యులర్ లాక్కోని పిట్టను చూసె, మళ్లీ ముగ్గును చూసె. "అదే ఖాలా! అవే అక్షరాలు!" అని నన్నెత్తి తిప్పబోయి ఇద్దరం ఇసకలో పడితిమి.

ఇంకో వారానికి గుంపు ఎల్లిపోయె. పాప ఆ అక్షరాలు బిళ్ల కట్టినోళ్లకు రాసి పంపింటే, ఆ తర్వాత జవాబొచ్చె. నేను చపాతీ పిండి పిసుకుతాంటే పాప వంటింట్లోకి పరిగెత్తుకోని వచ్చె. "ఖాలా, అది ఆడపిట్టంట! రెండేళ్లుగా ఎవరికీ కనపడక చనిపోయిందనుకున్నారంట. నీ సమాచారం చూసి ఆఫీసులో చప్పట్లు కొట్టినారంట! ఎట్లుందని అడుగుతున్నారు, ఏం రాయాలి?"

"రాయి పాపా," అంటి, "ఎవరూ పెట్టకుండానే కడుపు నిండా తిని, ఒళ్లు చేసి, చక్కగా బయల్దేరింది. వాళ్లను దానికి గూడు సర్ది పెట్టమను."

అట్లనే రాసె.