కొండ మీద నీళ్ళెప్పుడు మరుగుతాయి

ఆ వీధిలో ఆయన్ని అందరూ గాస్కెట్ మామయ్య అనేవారు. ఇరవై ఏళ్ళుగా ప్రెషర్ కుక్కర్లు బాగుచేసే కొట్టు ఆయనది. కొట్టంటే ఒక బల్ల, ఒక స్టవ్వు, గోడ మేకుల నిండా వేలాడే రబ్బరు గాస్కెట్లు, అంతే. ఎవరైనా కుక్కరు తెస్తే ముందు అందులో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. ఆవిరి ఎక్కడినుంచి జారుకుంటోందో చప్పుడుని బట్టే చెప్పేసేవాడు.

ఒకసారి బేకరీ ఆయన పెద్ద కుక్కరు బాగుచేయించుకోవడానికి వచ్చి, మాటల్లో మాటగా తను అనాస ముక్కలు ఎలా నిలవ చేస్తాడో చెప్పాడు. ముక్కలు గాజు సీసాల్లో నింపి, మూత పెట్టి, సీసాలు మునిగేలా నీళ్ళు పోసి మరిగించి, తీసి గుడ్డ మీద పెడతాడట. చల్లారేటప్పుడు మూత మధ్య భాగం 'టక్'మని లోపలికి దిగుతుందట. ఎవరూ నొక్కరు. ఇక ఆ మూత దానంతటదే సీసాని కరుచుకుని ఉంటుందట.

"ఎవరూ నొక్కకుండానా?" అన్నాడు మామయ్య.

"నమ్మకపోతే చేసి చూసుకో."

చేసి చూసుకున్నాడు. ఆ ఆదివారం మొదలైన పని ఆరేళ్ళయినా ఆగలేదు. టమాటాలు, అనాస, నారింజ తొనలు, బేరిపళ్ళు, ఏవి చవగ్గా దొరికితే అవి సీసాలకెక్కేవి. నిజానికి ఆయనకి పళ్ళంటే అంత ఇష్టం లేదు. పొయ్యి దించాక వంటింట్లో స్టూలు వేసుకుని, ఆ 'టక్' కోసం చెవులు రిక్కించి కూర్చోవడమే ఆయనకి కావలసింది. "మా అల్లుడుగారు సీసాలకి పురుడు పోస్తున్నారు, ఎవరూ మాట్లాడకండి" అనేది అత్తగారు. ఆవిడ వాళ్ళతోనే ఉండేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

ఇలా ఉండగా ఆయన భార్యకి పోస్టాఫీసులో ప్రమోషన్ వచ్చింది. దాంతోపాటే బదిలీ, ఎక్కడో కొండ మీది ఊరికి. నలభై రోజుల్లో చేరాలి. మామయ్య "కుక్కర్లు లేని ఊరుంటుందా" అని పనిముట్లు సర్దడం మొదలుపెట్టాడు.

చిక్కల్లా సీసాలతో వచ్చింది. మంచాల కింద, బీరువా మీద, చివరికి అత్తగారి పెట్టె వెనకాల కూడా కలిపి అరవై మూడు తేలాయి. సామాను లారీకెక్కించే మేస్త్రీ వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "నిండు సీసాలు నా వల్ల కాదండీ. ఒక్కటి పగిలినా పరుపులన్నీ జిగురే."

"అయితే తినేద్దాం" అంది భార్య.

ఆ రోజునుంచి ఇంట్లో టమాటా లేని పూట లేదు. పదో రోజుకి అత్తగారు కంచం ముందు కూర్చుని, "బాబూ, నాకు ఒంట్లో రక్తం బదులు ఇదే పారుతున్నట్టుంది" అంది.

ఆ వారమే సైన్సు టీచరమ్మ తన కుక్కరు తీసుకువెళ్ళడానికి కొట్టుకి వచ్చింది. ఊరు మారుతున్నామని చెబితే, "కొండ మీదికా? అయితే మీ సీసాలని ఎక్కువసేపు మరిగించాలి మామయ్యగారూ. అక్కడ నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి" అంది.

"అదేమిటమ్మా, నీళ్ళు మరిగాయంటే మరిగినట్టే కదా?"

"మీ కుక్కరు వెయిటే అనుకోండి. బరువు తగ్గిస్తే ఆవిరి తొందరగా లేస్తుందా లేదా? పైకి వెళ్ళేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది."

వెయిటు మాట వచ్చేసరికి ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆవిరితోనే బతికాడు. నీళ్ళ మీద కూడా ఒక వెయిటు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. టీచరమ్మని అడిగి బడి థర్మామీటరు తెచ్చుకున్నాడు. ఇంట్లో మరిగించి చూస్తే నూటికి కాస్త తక్కువగా నిలబడింది. ఇక కొండ మీద చూడాలి.

భార్య అద్దె ఇల్లు చూడ్డానికి బయల్దేరితే తనూ బయల్దేరాడు. ఆవిడ సంచిలో కొలతల టేపు. ఆయన సంచిలో గిన్నె, చిన్న స్టవ్వు, థర్మామీటరు, గుడ్డలు చుట్టిన నాలుగు సీసాలు.

"మనం ఇల్లు చూడ్డానికి వెళుతున్నామా, వనభోజనానికా?" అంది ఆవిడ.

బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కింది. సగం దూరం దాటాక, ఒడిలో ఉన్న సంచిలోంచి 'టిక్'మని చిన్న చప్పుడైంది. మామయ్య నిటారుగా కూర్చున్నాడు. గుడ్డ విప్పి చూస్తే నారింజ సీసా మూత మధ్యలో గుంట పోయి బొడిపెలా పైకి లేచింది. మిగతా మూడూ అలాగే ఉన్నాయి.

"పాడైందా?" అంది భార్య.

"ఏమో. మిగతావి ఎందుకు లేవలేదు?"

దిగేదాకా ఇద్దరూ సంచిలోకి తొంగి చూస్తూనే ఉన్నారు.

ఇల్లు బాగుంది. రెండు గదులు, వెడల్పాటి కిటికీ, వంటగదిలో రాతి గట్టు. ఇంటి యజమానురాలు పొడుగ్గా, బక్కపల్చగా ఉన్న పెద్దావిడ. ఆవిడ మామయ్య భార్యకి గదులు చూపిస్తుంటే, ఆయన గట్టు మీద స్టవ్వు వెలిగించి గిన్నె పెట్టాడు. నీళ్ళు తెర్లాయి. థర్మామీటరు పెడితే తొంభై అయిదు దగ్గర ఆగిపోయింది. మంట పెంచాడు. నీళ్ళు ఎగిరెగిరి పడ్డాయి కానీ అంకె కదలలేదు. ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోసి మళ్ళీ చూశాడు. అదే తొంభై అయిదు.

"ఇలా రా, ఒకసారి చూడు" అని భార్యని పిలిచాడు. ఆవిడ టేపు మెడలో వేసుకునే వచ్చి వంగి చూసింది.

టీ పెడుతున్నారేమో అనుకుని యజమానురాలు కూడా వచ్చింది. సంగతి విని గిన్నెలోకి తొంగి చూసింది. "అంటే మా ఊళ్ళో చిక్కుడు గింజలు ఉడకంది నీళ్ళ వల్లనా? ముప్పై ఏళ్ళుగా ఆ దుకాణంవాడిని తిడుతున్నాను నాయనా. రెండు దుకాణాలు కూడా మార్చాను."

"కుక్కరు వాడరా అమ్మా?"

"ఉంది కానీ ఆవిరి నిలవదు. అటక మీద పడేశాను."

అటక మీదినుంచి అది దిగింది. గాస్కెట్ ఎండి పగుళ్ళిచ్చింది. ఈసారి వచ్చేటప్పుడు కొత్తది తెస్తానని మామయ్య దాని కొలత తీసుకున్నాడు. తరవాత నారింజ సీసా మూత ఊడదీశాడు. దాని రబ్బరు అంచులో వెంట్రుకవాసి నొక్కు కనిపించింది. కింద ఉన్నప్పుడు బయటి గాలి గట్టిగా నొక్కి పట్టబట్టి ఆ మూత నిలిచింది. పైన ఆ నొక్కుడు తగ్గింది, దీనికి లోపల పట్టు చాలలేదు. వాసన మామూలుగానే ఉన్నా ఆ పళ్ళు ఎవరికీ పెట్టలేదు. పారబోసి, మూత మాత్రం జేబులో వేసుకున్నాడు.

తిరిగి వచ్చాక మిగిలిన సీసాల మూతలన్నీ వెలుతురుకి పట్టి పరీక్షించాడు. అనుమానం ఉన్నవాటికి గుర్తు పెట్టి వేరుగా ఉంచాడు. "మొత్తం ఎన్ని టిక్కుమంటాయంటావు?" అని భార్యే అడిగింది. మూడని ఆయన, అయిదని ఆవిడ పందెం కాసుకున్నారు. అత్తగారు తొమ్మిదంది.

సామాను కదిలే రోజు మేస్త్రీతో ఒప్పందం కుదిరింది: సీసాలు ముప్పై ఒకటి, వాటి బాధ్యత మామయ్యది. లారీలో డ్రైవరు పక్కన అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి 'టిక్'కి డ్రైవరు టైరేమోనని బండి ఆపాడు. విషయం విన్నాక రేడియో కట్టేశాడు, వినపడదని. ఊరు చేరేసరికి మొత్తం నాలుగు టిక్కులయ్యాయి. పందెం ఎవరూ గెలవలేదు. అత్తగారు మాత్రం ఇంకా చప్పుడవుతుందని సాయంత్రం దాకా పెట్టె పక్కనే కూర్చుంది.

నెల తిరక్కుండా పోస్టాఫీసు వెనక సందులో కొట్టు తెరిచాడు. ఊరంతా అటకల మీద కుక్కర్లే. చేతినిండా పని.

ఒక ఆదివారం యజమానురాలు కొంగులో ఏవో చిట్టి పళ్ళు పోసుకుని వచ్చింది. ముదురు ఊదారంగు, గోళీలంత ఉన్నాయి. పెరటి వెనక పొదల్లో కాస్తాయట, పిల్లలు తింటారట, పేరు ఎవరికీ తెలియదట.

"వీటిని ఎంతసేపు మరిగించాలి నాయనా?"

మామయ్య ఒక పండు కొరికి చూశాడు. పులుపుకి కన్ను మూతపడింది.

"తెలీదమ్మా" అన్నాడు. "స్టూలు ఇంకోటి ఉందా? కూర్చుని చూద్దాం."