తెల్ల రుమాలు

ఫిల్మ్‌నగర్ మలుపులో షెడ్డు వేసుకున్న ఆ మెకానిక్ ఏ కారు పొగనైనా తెల్ల రుమాలుతోనే పరీక్షించేవాడు. కంప్యూటర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన నాకు అది చూసి నవ్వొచ్చింది. కానీ నేను కొన్న పాత కారు పొగ పరీక్షలో రెండుసార్లు తప్పింది. ఇంజనే మార్చాలని పెద్ద షోరూంవాళ్లు చెప్పారు.

చివరికి కారును ఆ మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన ఇంజన్ స్టార్ట్ చేయించి, సైలెన్సర్ ముందు రుమాలు పట్టాడు. నిమిషంలో అది నల్లబడింది.

"గాలి అందక పెట్రోల్ సగమే కాలుతుంది సార్. ఇంజన్ మంచిగనే ఉంది, ఫికర్ చేయకుండ్రి," అంటూ ఎయిర్ ఫిల్టర్ విప్పి నేలకేసి తట్టాడు. గులాబీ రంగు పొడి కుప్పగా రాలింది.

"ఏంది సార్ గిది? బండిని షూటింగ్‌కు గిట్ల ఇచ్చిండ్రా?"

ఇచ్చాను. తెరమీద నా కారు కనిపిస్తుందన్న మోజుతో, పక్కింటి ప్రొడక్షన్ మేనేజర్ అడగ్గానే హోలీ పాటకు ఇచ్చేశాను. సిగ్గుపడుతూ ఆ మాటే చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు.

కొత్త ఫిల్టర్ వేశాక ఇంకో రుమాలు పట్టాడు. ఎంతసేపు పట్టినా అది తెల్లగానే ఉంది. ఆ రుమాలుతోనే తన మొహమంతా తృప్తిగా తుడుచుకున్నాడు.

"పాసైంది సార్, ఇగ పోండ్రి."

తర్వాత పొగ పరీక్షవాళ్లు ఇచ్చిన కాగితాన్ని నేను చదవకుండానే జేబులో పెట్టుకున్నాను.