చేపల ఐసులో సరోజ రక్తం

ఇది అల్లిన కథ కాదు. బోనెక్కించి అడిగినా ఇదే చెబుతాను. ఉద్యోగంలో చేరిననాటి నుంచి రోజూ డైరీ రాస్తున్నవాణ్ణి. ఆ రాత్రి గురించి మాత్రం "ఐసు కరిగిన చప్పుడు" అని రాసి ఊరుకున్నాను. అది ఐసేనా... ఇప్పటికీ తెలియదు.

నా భార్య సరోజకు కాలేయంలో క్యాన్సర్ గడ్డలు కనిపించాయి. వేరేచోట పుట్టి అక్కడికి పాకినవి. ఎక్కడ పుట్టాయో ఏ స్కానింగూ చెప్పలేదు. అది తెలిస్తేనే మందు. రక్తంలో పెప్టైడ్లనే చిన్న ప్రోటీన్ ముక్కలుంటాయి. ఒక్కో క్యాన్సర్‌కు వాటి అమరిక ఒక్కో తీరు. దాన్నిబట్టి పరిశోధనగా చూస్తామని చెన్నై డాక్టరు గారు ఒప్పుకున్నారు. రొమ్ముదైతే మందులున్నాయన్నారు. పొట్ట వెనకుండే క్లోమానిదైతే... ఫైలు మూసేశారు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. నేనే రక్తం తీసి, అందులోంచి సీరం అనే పసుపు ద్రవం వేరు చేయించాను. తెల్లవారి గూడూరులో రైలెక్కి చెన్నై చేరేదాకా అది చల్లగా ఉండాలి. మా తీరంలో ఐసంటే చేపల ఐసే. సరోజను అక్కా అని పిలిచే చేపల వ్యాపారి పోలయ్య థర్మాకోల్ పెట్టెలో ఐసు పోస్తూ అడిగాడు.

"ఏం సార్, చెన్నైకి వంజరం చేపలా?"

"మీ అక్క రక్తం, పోలయ్యా."

వాడి నవ్వు ఆగిపోయింది. ఇంకో గంపెడు ఐసు పోశాడు.

సరోజ మాత్రం నవ్వింది. "చేపల పెట్టెలో పెట్టినారు గదా, ఆ డాక్టరు పులుసు పెట్టుకుంటాడేమో చూసుకోండి."

పెట్టె మంచం పక్కనే ఉంచాను. ఎప్పుడో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. సముద్రపు హోరు... అంతలో, టక్.

పెట్టెలోంచి.

మూత తీసి టార్చి వేశాను. ఐసు కరగలేదు. ట్యూబులు కదల్లేదు. మూత పెట్టాను. టక్... టక్... గోటితో తట్టినట్టు.

టార్చి సరోజ మీదికి తిప్పాను. నిద్రలో ఉంది. చెయ్యి గొంతు మీదుంది. టక్. చెయ్యి రొమ్ము మీదికి జరిగింది. అక్కడే ఆగు... ఆగు తల్లీ...

టక్.

చెయ్యి ఇంకా కిందికి జారింది. డొక్కల నడుమ, పొట్ట పైభాగాన నిలిచింది.

చప్పుడు ఆగిపోయింది.

సముద్రం కూడా వినపడలేదు.

సరోజ కళ్లు తెరిచింది. "ఎవురండీ నా ఒళ్లంతా తడుముతుండేది? చెయ్యి ఐసు మాదిరుంది."

"ఎవరూ లేరు. పడుకో."

"ఉండారు. దొరికింది అన్నారు."

ఫలితం వచ్చిన రోజు డాక్టరు గారు ఫోను చేశారు. "కచ్చితంగా అనలేం. కానీ అమరిక చూస్తే..." ఆయన క్లోమం అనకముందే నా చెయ్యి నా పొట్ట మీదికి పోయింది.

సరోజ పోయింది. పెట్టె పోలయ్యకు ఇచ్చేశాను. ఐసే అయ్యుంటుంది, ఆమెది కలవరింతే అయ్యుంటుంది... అనుకుంటూనే ఉన్నాను.

నిన్న రాత్రి ఇంట్లో ఐసు ముక్క కూడా లేదు. మంచం పక్కన... టక్.

రెండు చేతులతో మంచం పట్టెలు బిగించి పట్టుకున్నాను. తెల్లవారేదాకా చెయ్యి ఒంటి మీదికి పోనివ్వలేదు.