ఎంబసీనే ఖండించాను

ఆమధ్య ఒక బుధవారం మా కంపెనీ సొంత లెటర్‌హెడ్ మీద, స్టాంపు వేసి మరీ, మేం అబద్ధాలు చెబుతామని లోకానికి ప్రకటించుకుంది. కింద సంతకం నాదే. నవ్వకండి, టీ పొలమారుతుంది. మొదట్నుంచీ చెబుతాను.

నా పేరు సువార్త అన్నమాటేగానీ, నా బతుకంతా వార్తల్ని కాదనడమే. ఫిల్మ్‌నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసుకి మేనేజర్ని కదా, పదకొండేళ్ళుగా ముఖ్యంగా చేసే పని ఖండనలు రాయడం. ఆ హీరోయిన్ని మేం తీసుకోలేదు. మా సినిమా ఆగిపోలేదు. మా డైరెక్టర్ గారు అలగలేదు. కంప్యూటర్లో ఫార్మాట్ రెడీగా ఉంటుంది, పేరు మార్చడమే. అందులో సగం నిజం కాదని రాసే నాకూ తెలుసు, వేసుకునే విలేకరులకీ తెలుసు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు తీస్తున్న సినిమాలో గుర్రాల మీద పెద్ద ఫైటుంది. దానికోసం కజకిస్తాన్ నుంచి దౌరెన్ అనే గుర్రాల మాస్టర్ని ఉద్యోగంలోకి తీసుకున్నాం. పరమ రహస్యం. హీరో గారి డేట్స్ పది రోజులే. అవి దాటితే ఆయన ఇంకో సినిమా కోసం గుండు చేయించుకుంటారు. గుర్రం ఎక్కేటప్పుడు జుట్టుతో, దిగేటప్పుడు గుండుతో చూపించలేం కదా! అందుకని నెలాఖరులోపల దౌరెన్‌కి ఎంప్లాయ్‌మెంట్ వీసా రావాలి. రాకపోతే నీ సంగతి నువ్వే చూసుకో అన్నారు ప్రొడ్యూసర్ గారు.

టోలిచౌకి నుంచి ఫరీద్ భాయ్ అని వీసాల కన్సల్టెంట్ వచ్చాడు. బయటి దేశం మనిషిని ఉద్యోగానికి పిలవాలంటే నెలల ముందే మొదలుపెట్టాలట. ఏం పని, ఎన్ని రోజులు, ఇక్కడివాళ్ళు ఎందుకు చెయ్యలేరు, అన్నీ రాయాలట. ఏ కాగితం చూసినా ఒకటే మాట ఉండాలట. శ్రద్ధగా రాసుకున్నాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "మేడం, గాడున్న మన ఎంబసీవాళ్ళు ఫోన్ చేసి అడుగుతరు. ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి, గంతే." ఆ మాత్రం చెప్పలేనా అనుకున్నాను.

కాగితాలు పంపిన వారానికి ఒక వెబ్‌సైట్‌లో వార్త. మా సినిమాకి కజకిస్తాన్ గుర్రాల మాస్టర్ వస్తున్నాడని, పేరుతో సహా! ప్రొడ్యూసర్ గారు ఫోన్ చేసి ఒక్కటే మాట: ఖండించమ్మా. ఐదు నిమిషాల్లో ఖండించేశాను. 'దౌరెన్ అనే వ్యక్తితో మా సంస్థకు ఎటువంటి సంబంధం లేదు.' సంతకం, స్టాంపు, మీడియా మెయిల్ లిస్టు, అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎవరో ఫోన్. మంచి గొంతు, తీరైన ఇంగ్లీషు. దౌరెన్‌ని మీరు ఉద్యోగంలోకి తీసుకున్నారా అని అడిగాడు. ఇంత మర్యాదగా అడిగారంటే మా లైన్లో కచ్చితంగా విలేకరే. కిందటి నెల ఒకాయన కొరియర్ ఆఫీసు నుంచి అని చెప్పి కథంతా లాగేశాడు. ఈసారి నేను దొరుకుతానా? ఆయనెవరో మాకు తెలీదన్నాను. అపాయింట్‌మెంట్ లెటర్ మీద మీ సంతకం ఉంది మేడం అన్నాడు. ఈ రోజుల్లో సంతకాలు ఎవరైనా పెట్టేస్తున్నారండీ అన్నాను. అంటే ఇది ఫోర్జరీయా అన్నాడు. అయ్యుండొచ్చు, లీగల్‌గా వెళ్తాం అని పెట్టేసి, గర్వంగా ఇంకో టీ చెప్పాను.

మధ్యాహ్నం దౌరెన్ నుంచి మెయిల్. నేను దొంగ లెటరు తయారుచేశానని ఎంబసీలో అనుమానిస్తున్నారు, ఫైలు పక్కన పెట్టారు, నా గుర్రాల్ని కూడా వేరేవాళ్ళకి అప్పజెప్పేశాను, మీకు నేనేం అపకారం చేశాను మేడం అని. నిజంగా సిగ్గేసింది. పాపం, అంతకు రెండ్రోజుల ముందే 'నమస్కారమండీ' అని నేర్చుకుని వాయిస్ మెసేజ్ పంపాడు.

ఫరీద్ భాయ్‌కి చెప్పాను. అంతా విని మెల్లగా అడిగాడు.

"మేడం, మీరు ఎంబసీనే ఖండించిండ్రా?"

ఎంబసీకి ఫోన్ చేశాను. ఆ ఆఫీసర్ గారు ఓపికగానే మాట్లాడారు. ఆయన ముందు రెండు కాగితాలున్నాయట. ఒకదాంట్లో ఈ మనిషి మావాడే, ఇంకోదాంట్లో ఈ మనిషెవరో మాకు తెలీదు. రెంటికీ ఒకటే లెటర్‌హెడ్, ఒకటే సంతకం. సరే కదాని ప్రొడ్యూసర్ గారికే చేస్తే, ఆయన తన ఫోన్ తానే ఎత్తి, సార్ ఊళ్ళో లేరన్నారట. డైరెక్టర్ గారు, ఏ సినిమా అండీ అన్నారట.

"మేడం, అసలు మీ కంపెనీ ఉందా?" అని అడిగారాయన.

ఉందని రాసివ్వాల్సి వచ్చింది. పత్రికా ప్రకటన అబద్ధం, అపాయింట్‌మెంట్ లెటరే నిజం అని కూడా. ఎంబసీ తప్ప ఎవరూ చూడకూడదన్న షరతు మీద ప్రొడ్యూసర్ గారు ఒప్పుకున్నారు. ఆ లెటరు రాయడానికి నాకు మూడు గంటలు పట్టింది. పాత ఫార్మాట్ తెరిచి 'లేదు' అన్న చోటల్లా 'ఉంది' పెట్టుకుంటూ వచ్చాను. చివర్లో మనసు ఆగక ఒక వాక్యం చేర్చాను: 'మా వృత్తిలో ఇలాంటివి అలవాటుగా చెబుతుంటాం, మన్నించగలరు.'

ఎంబసీ మెయిల్ అడ్రస్ అక్షరం అక్షరం చూసుకుని కొట్టాను. కింద కాపీ వెళ్ళే చోట మీడియా లిస్టు చేరింది. ఒట్టు, అది నేను పెట్టలేదు, నా చెయ్యి పెట్టింది.

పావుగంటలో ఊరంతా పాకింది. 'మేం చెప్పేవి అబద్ధాలే, ఒప్పుకున్న నిర్మాణ సంస్థ' అని. గుండు సంగతి కూడా ఎవరో కలిపేశారు. ప్రొడ్యూసర్ గారు నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ఎంబసీ నుంచి ఫోన్. భయంతో చెయ్యి తగిలి స్పీకర్ ఆన్ అయింది.

"ఇప్పుడు నమ్ముతున్నాను మేడం. ఇంత పరువు తీసుకుని ఎవరూ అబద్ధం ఆడరు."

వీసా వచ్చింది. దౌరెన్ వచ్చాడు. హీరో గారు జుట్టుతోనే గుర్రం ఎక్కి, జుట్టుతోనే దిగారు. ప్రొడ్యూసర్ గారు నన్ను తీసెయ్యలేదు. తీసేస్తే ఆ ఖండన ఎవరు రాస్తారని ఆయన భయం.

నిన్న మాత్రం ఒక వెబ్‌సైట్‌వాడు నన్ను ఉద్యోగంలోంచి పీకేశారని రాశాడు. ఒళ్ళు మండింది. పదకొండేళ్ళలో మొదటిసారి పూర్తిగా నిజమైన ఖండన రాశాను. 'సువార్త గారిని తొలగించారన్న వార్తలో ఎటువంటి నిజం లేదు.' సంతకం, స్టాంపు.

సాయంత్రం మధురానగర్‌లో ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతున్నాను. మా అమ్మ ఫోన్‌లో నా ఖండన పూర్తిగా చదివి, కళ్ళజోడు తీసి, నా తల నిమిరింది.

"పోన్లే తల్లీ, ఇంకో ఉద్యోగం దొరక్కపోదు."