నా పేగు చెప్పిన సాక్ష్యం

బరువు తగ్గడానికి నేను పొట్ట కోయించుకుని బెంగళూరు నుంచి వచ్చినప్పుడు, మా అమ్మ కుట్లు చూసి ఒక్క మాటే అంది.

"మా కాలంలో ఈ ఆపరేషన్ కరువే చేస్తాండె నాయనా. దుడ్లు గూడా అడక్కుండా."

వాన పడని ఏడాదిని మామూలు ఏడాది అనే జిల్లాలో ఒక కాలేజీ లెక్చరర్ నూట ముప్పై కిలోలు ఎలా అయ్యాడన్నది చరిత్ర శాఖ తేల్చాల్సిన విషయం. నేను ఆ శాఖలోనే ఉన్నాను. తేల్చలేదు. డాక్టర్లు నా పొట్టలో చాలా భాగం తీసేసి అరటికాయంత మిగిల్చారు. ఏడాది తిరిగేసరికి షుగర్ మాత్రలు మానేశాను. పాత ప్యాంట్లలో ఇద్దరం పట్టేట్టున్నాం, నేనూ నా భార్యా.

ఈ మార్పును అందరికంటే శ్రద్ధగా గమనించినవాడు మా బామ్మర్ది, నా భార్య తమ్ముడు. పామిడిలో నైటీల అంగడి. పొద్దున పరుపు మీద కూర్చుంటే మళ్లీ షట్టర్ దించడానికే లేచేవాడు. నాకంటే లావు, నాకంటే షుగర్ ఎక్కువ. అరికాళ్లలో స్పర్శ తగ్గుతోందని డాక్టర్ అప్పటికే హెచ్చరించాడు.

"ఏం బావా, మా అక్క సగం మొగుడితోనే సర్దుకుంటాండాదా?" అనేవాడు.

"మిగతా సగం నీకాడ్నే ఉండాది గదప్పా, యాడికి పోతాది?" అనేవాణ్ని.

నవ్వాడు గాని, ఆశ పుట్టింది. "దసరా యాపారం అయిపోనీ బావా, నేనూ పొట్ట కోయిపిచ్చుకుంటా."

ఆపరేషన్ అయిన రెండో ఏడాది చివర్లో నా కడుపు చెడింది. నొప్పి, విరేచనాలు, అప్పుడప్పుడు రక్తం. మొలలనుకుని మందుల షాపులో అడిగి పూత మందు తెచ్చుకున్నాను. బరువు ఇంకా తగ్గుతోంది. దారిలో కనిపించిన ప్రతివాడూ మెచ్చుకుంటున్నాడు. పదిమందీ మెచ్చుకుంటున్నదాన్ని రోగమని ఒప్పుకోవడానికి మనిషికి కొంత సమయం పడుతుంది. నాకు చాలా పట్టింది. చివరికి లోపలికి గొట్టం వేసి చూసి, పేగులో పుండ్లున్నాయన్నారు. క్రోన్స్ అని ఒక జబ్బు. ఒంట్లోని రక్షకభటులే పేగు మీద పడి కొడుతుంటారట. అదుపులో పెట్టగలం గాని పూర్తిగా పోదన్నారు.

"ఆ ఆపరేషన్ వల్లేనా?" అని అడిగాను.

పేగుల డాక్టర్ ఆచితూచి మాట్లాడే మనిషి. "ఆ ఆపరేషన్ అయినవాళ్లలో కొద్దిమందికి తర్వాత ఇది బయటపడడం చూస్తున్నాం. దానివల్లే వచ్చిందో, లోపల ఎప్పటినుంచో ఉండి అప్పుడు లేచిందో, అది లేకపోయినా మీకు వచ్చేదో, మీ ఒక్కరిని చూసి తేల్చలేం" అన్నాడు. చరిత్ర చదివినవాణ్ని కాబట్టి ఆ జవాబు నాకు కొత్తగా అనిపించలేదు.

ఇదంతా దాచకుండా బామ్మర్దికి చెప్పాను. అరుదుగా వస్తుందని కూడా చెప్పాను. అతను చలించలేదు. "నీ పేగు నీది, నా పేగు నాది బావా" అని, దసరా కాగానే బెంగళూరులో సర్జన్‌ను చూడటానికి రోజు ఖాయం చేసుకున్నాడు. నాకూ అక్కడ చూపించుకునే పని ఉంది. ఇద్దరం కలిసి బస్సెక్కాం.

పెనుకొండ దాటాక నా కడుపు తిరగబడింది. కండక్టర్‌ను బతిమాలితే బస్సు ఆపించాడు. దిగి చూస్తే రెండు పక్కలా శనక్కాయ పెరికేసిన చేలు. మోకాలెత్తు చెట్టు లేదు. మా సీమలో చాటుకు కూడా కరువే. బామ్మర్ది నీళ్ల బాటిల్ పట్టుకుని నా వెనకే దిగాడు. బస్సుకూ నాకూ మధ్య తువ్వాలు చాపి, అటు తిరిగి నిలబడ్డాడు. కనుచూపు మేర ఉన్న చాటు అతనొక్కడే.

"ఓయ్ పెద్దాయనా, తొందరగా కానీండప్పా, అందరికీ పనులుండావి!" అని బస్సులోంచి ఎవరో అరిచారు.

"మీ ఇంట్లో ఎవరికీ కడుపే ల్యాదేమన్నా?" అని బామ్మర్ది తిరిగి అరిచాడు.

బెంగళూరు చేరేలోపు బస్సు మళ్లీ ఆపాల్సి వచ్చింది. అప్పుడూ దిగి నిలబడ్డాడు. ఈసారి ఎవరితోనూ పోట్లాడలేదు.

సర్జన్ అతని కాగితాలు చూసి, ఆపరేషన్‌తో షుగర్ దారికొచ్చే అవకాశం బాగా ఉందనీ, నాకొచ్చిన జబ్బుకు భయపడి మానుకోవద్దనీ ఓపిగ్గా చెప్పాడు. బామ్మర్ది అంతా విని, ఆలోచించుకుంటానన్నాడు. తిరుగు ప్రయాణంలో అన్నాడు.

"నాకొద్దులే బావా."

"అందరికీ నా మాదిరి కాదప్పా. నీ కాళ్ల సంగతి చూసుకో."

"డాక్టర్ చెప్పిందంతా ఇన్న్యాను. కానీ నువ్వు ఆ చేన్లో కూచున్న్యావు జూడు, అది చూసినాక నాకేమీ ఎక్కల్యా."

తర్వాత నెలల తరబడి నేనూ వాళ్లక్కా వాదించాం. "ఏమిరా, మీ బావను చూసి నీ కాళ్లు పోగొట్టుకుంటావా?" అని ఆమె తిట్టింది కూడా. నేను లెక్చరర్‌ని, వాదించడం వచ్చినవాణ్ని. కానీ ఎంత బాగా వాదించినా మధ్యలో లేచి బాత్రూముకు వెళ్లాల్సి వచ్చేది. కేసు అక్కడే పోయేది.

పోయిన ఎండాకాలం అతని చెప్పులో గులకరాయి దూరింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పు విడిచేదాకా అతనికి తెలియలేదు. పుండు పడింది. ముందు రెండు వేళ్లు తీశారు. తర్వాత పాదం తీశారు. బరువు తగ్గి ఉంటే పాదం నిలిచేదా అని డాక్టర్‌ను అడిగాను. దాన్నీ తేల్చలేమన్నాడు.

ఇప్పుడు నాకు వేస్తున్న ఇంజెక్షన్లతో పేగు నెమ్మదించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతున్నాను. సాక్షిగా నా పేగు మాట మార్చింది గాని, తీర్పు అప్పటికే అమలైపోయింది.

మొన్న పామిడి వెళ్లాను. అతను అదే పరుపు మీద, పాదం లేని కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా, ఆ ఆపరేషన్ నాకు ఇప్పుడు జేస్తారంటనా?"

"గాయం పూర్తిగా మానినాక చూస్తామన్నారు."

"చేపిచ్చుకున్నాక నీ రోగమే నాకూ వస్తే?" కాలు వైపు చూసుకున్నాడు. "పరిగెత్తను గూడా ల్యాను గద బావా!"

గట్టిగా నవ్వి, నా వైపు చూశాడు. మా బావ బామ్మర్దుల మధ్య ఒక మాట వస్తే ఇంకో మాట పోవాల్సిందే. ఇంతలో ఒకామె వచ్చి, అందరికంటే పెద్ద సైజు నైటీ చూపించమంది. అది పై అరలో ఉంది. అతను మరిచిపోయి రెండు చేతులూ నేలకు ఆనించి లేవబోయి, ఆగాడు.

నేను లేచి తీసిచ్చాను.