వాయిదాకు పిలిచే రాజ్యం

చెంచురామయ్యతో నోరు పెట్టుకుని నెగ్గిన మనిషిని వెంకటరావమ్మ తన అరవై ఏళ్లలో ఒక్కదాన్నే చూసింది. ఆమె పేరు రాజ్యం, గుంటూరులో క్యాన్సరు ఆసుపత్రి ఆయా. వాయిదాకు రాని రోగులను వెతుక్కుంటూ ఊళ్లు తిరగడం ఆమె పని.

అది ఎనభై నాలుగో సంవత్సరం, మాఘమాసం. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. వెంకటరావమ్మా, ఆమె తోడికోడలు సుబ్బరావమ్మా పక్కపక్క సాళ్లలో కోస్తున్నారు. ముప్పై ఏళ్లు బుగ్గన పొగాకు పెట్టుకున్నందుకు ఇద్దరికీ దవడలో పుండు లేచింది. సుబ్బరావమ్మ వాయిదా ఆ రోజే.

"కోత మధ్యలో మనిషిని వదల్ను. ఉగాది పోయాక తీసుకుపో," అన్నాడు చేను గల చెంచురామయ్య.

"ఉగాది దాకా ఆగుతానని పుండు మీకు మాటిచ్చిందాండీ?"

"అయితే ఆమె సాలు నువ్వు కోస్తావా?"

"కోస్తాను. ఒడి కట్టుకోవడం ఎవరైనా చూపించండి."

వాయిదా చీటీ చేతిలో పెట్టి సుబ్బరావమ్మను బస్సుకు తరిమి, రాజ్యం సాల్లోకి దిగింది. చేతులకు ముందుగా ఆముదం రాసుకోవాలని పట్నం మనిషికేం తెలుసు? మధ్యాహ్నానికి వేళ్లు మండిపోయాయి. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని ఇంకా పాడు చేసుకుంది. సాలు మాత్రం వదల్లేదు. చెంచురామయ్య వెనకాలే నడిచి చూశాడు. తప్పు పట్టడానికి ఒక్క తొడిమ దొరకలేదు.

"వాయిదా ఉన్నవాళ్లు పోండమ్మా," అన్నాడు పొద్దు వాలాక. "ఈవిడ మాత్రం మళ్లీ నా చేలో అడుగు పెట్టకూడదు."

ఆ తర్వాత కూడా రాజ్యం నెలనెలా వచ్చింది, వచ్చినప్పుడల్లా ఇంకాస్త వంగిపోయి. కొన్ని ఇళ్ల ముందు వాయిదా చీటీ సంచీలోంచి తీయకుండానే వెనక్కి తిరిగేది. అలాంటి రోజున వెంకటరావమ్మ అరుగు మీద కూలబడి మజ్జిగ అడిగేది. ఎవరు పోయారని వెంకటరావమ్మ అడిగేది కాదు.

కొత్త మందు పరీక్షలో చేరతామనే కాగితం మీద తోడికోడళ్లిద్దరి చేతా వేలిముద్ర వేయించిందీ రాజ్యమే. అప్పుడు దాచకుండా చెప్పింది. "కవరులో ఏ చీటీ వస్తే ఆ వైద్యం. కొందరికి మిషను కింద పడుకోబెట్టి కరెంటు, అదే రేడియేషను, ఒక్కటే పెడతారు, కొందరికి కరెంటుతో పాటు కొత్త బిళ్లలు. ఏది మేలో డాక్టర్లకే ఇంకా తెలీదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు."

"తెలీని మందుకు మేమే దొరికామా?" అంది వెంకటరావమ్మ.

"తెలిసిందాకా ఎవరో ఒకరు దొరకాలి కదా పెద్దమ్మా."

బిళ్లల చీటీ సుబ్బరావమ్మకు వచ్చింది. వెంకటరావమ్మకు కరెంటు ఒక్కటే. పచ్చిమిరపకాయ కూడా ఇద్దరూ తుంచుకు తిన్న సంసారం అది. సుబ్బరావమ్మ అడకత్తెరతో ప్రతి బిళ్లనూ రెండు ముక్కలు చేసి, ఒకటి అక్క చేతిలో పెట్టేది. "నువ్వు మింగకపోతే నేనూ మింగను," అనేది. బిళ్లలు లెక్కకు సరిగ్గా అయిపోతుండేవి గనుక ఆసుపత్రిలో ఎవరికీ అనుమానం రాలేదు.

వైశాఖంలో రాజ్యం వచ్చి వక్క అడిగింది. అడకత్తెర అంచున తెల్లటి పొడి చూసి వేలితో రాసి చూసింది. తర్వాత వెంకటరావమ్మ కొంగు పట్టుకుని ముడి విప్పింది. అందులో అర బిళ్ల ఉంది.

"ఎన్నాళ్లనుంచి?"

"మొదటినుంచీ. తిట్టు, పడతాను."

"తిట్టే ఓపిక లేదు పెద్దమ్మా. సుబ్బరావమ్మ పుండు ఎందుకు మానడం లేదా అని డాక్టరుగారు తల పట్టుకుంటున్నారు. ఆమెకు పడుతున్నది సగం మందే."

వెంకటరావమ్మ దొడ్డి వైపు చూసింది. దొడ్లో సుబ్బరావమ్మ అంట్లు తోముతున్న చప్పుడు వినపడుతోంది.

"ఇకనుంచి నేను మింగను. నువ్వు చెప్పకు. చెబితే బిళ్లల పట్టీలో దాని పేరు కొట్టేస్తారు."

"పేరు కొట్టేసినా వైద్యం మానరు. చెప్పకపోతే ఆ బిళ్ల పనికిరాదని కాగితంలో రాసుకుంటారు. తర్వాత వచ్చే వాళ్లకు ఇవ్వరు."

"అయితే డాక్టరుకూ దానికీ నువ్వే చెప్పు. దాని సాలు కోసినదానివి, ఈ ముక్క చెప్పలేవా?"

రాజ్యం అర బిళ్లను మళ్లీ అదే కొంగున ముడి వేసింది. వేళ్లు మొద్దుబారినట్టు మెల్లగా వేసింది.

"సాలు కోయొచ్చు. ఇది నేను చెబితే మీ మీద చాడీ అవుతుంది, సుబ్బరావమ్మ ఇక మందే ముట్టదు. నువ్వు చెబితే వింటుంది. సోమవారం మొదటి బస్సుకు ఆమెను వెంటబెట్టుకుని రా. ఆమె ముందే, డాక్టరుగారి ముందే, ఈ ముడి నువ్వే విప్పు."