అరుపు తర్వాత సందడి

లీలాకుమారి తన వ్యాను ఎక్కినవారికి మొట్టమొదట చెప్పే మాట కొంత నిరుత్సాహం కలిగించేదే.

"హీరోల ఇళ్లు చూపించనండీ. చూపించినా మీకు కనబడేది ప్రహరీ గోడే. గోడలు మీ ఊళ్లోనూ ఉంటాయి కదా!"

ఆ తర్వాత తాను చూపించేవి చెబుతుంది. జనం పెరగకముందే, పొద్దున్నే పెద్దమ్మ గుడి. అక్కడినుంచి కుతుబ్‌షాహీ సమాధులు. గోల్కొండకు ఎండ తగ్గాకే వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పైదాకా ఎక్కనక్కరలేదు, కింద గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొట్టి, పైనున్నవారికి వినబడిందో లేదో అడిగితే చాలు. చీకటి పడేవేళకు దుర్గం చెరువు. భోజనం మాత్రం కృష్ణానగర్ సందుల్లో ఆమె ఎంచిన ఒక మెస్సులోనే. జూబ్లీ హిల్స్‌లోని అద్దాల హోటళ్ల మాట ఎవరైనా ఎత్తితే, "అక్కడ తినేది ఏసీ అండీ, అన్నం కాదు" అంటుంది. మధ్యలో ఫిల్మ్ నగర్ వీధులు. అదృష్టముంటే, దూరం నుంచి ఒక షూటింగ్.

ఆమెది తణుకు. ఇరవై ఏళ్లు నిండకముందే కృష్ణానగర్ వచ్చింది. తెరమీద ఆమె ముఖం ఎవరూ చూడలేదు. డబ్బింగ్ థియేటర్లలో గుంపు గొంతులు ఆమె వృత్తి. సంతలో బేరాలు, పెళ్లిలో పేరంటాళ్ల మాటలు, అగ్నిప్రమాదంలో కేకలు, శవం దగ్గర ఏడుపులు. నలుగురైదుగురు ఆడవాళ్లు మైకు చుట్టూ నిలబడి వందమందిలా వినిపించాలి. ఒకసారి రికార్డు చేసిన కేకలనే మళ్లీ మళ్లీ వాడుకోవడం పెరిగాక ఆ పని పలచబడింది. అప్పుడు ప్రొడక్షన్ వాహనాలు నడిపిన కమలాకర్‌తో కలిసి ఈ వ్యాను మొదలుపెట్టింది. అతనిది ఇక్కడి మట్టే. ఆమెను అక్కా అని పిలుస్తాడు.

ఆమెకు ఒక నియమం ఉంది. ఎవరింటి గేటూ దాటకూడదు. ఈ నియమం ఒక దెబ్బ నేర్పినది. మొదటి రోజుల్లో ఆమె వెంట వచ్చిన ఒక పెద్దమనిషి, విడుదల కాని సినిమాలో హీరో వేషాన్ని ఫోనులో తీసి ఊరంతటికీ పంపాడు. తప్పు అతనిది. శిక్ష ఆమెకు పడింది. దాదాపు ఏడాదిపాటు ఏ షూటింగ్ దరిదాపులకూ ఆమె వ్యానును రానివ్వలేదు. ఆ ఏడాది ఆమె ఒక ఆడపిల్లల హాస్టల్ వంటగదిలో కూరగాయలు తరిగింది. మేనేజర్లూ కాపలాదారులూ మళ్లీ నమ్మడానికి చాలాకాలం పట్టింది. ఇంకొకసారి ఎవరి షాటులోకైనా అడుగుపెడితే ఆ నమ్మకం తిరిగి రాదని ఆమెకు తెలుసు.

నియమంతోపాటు ఒక పాఠం కూడా ఉంది. సందర్శకులందరికీ దాన్ని ఇష్టంగా చెబుతుంది.

"షూటింగ్ అవునో కాదో తెలుసుకోవాలంటే అరుపు వినకండి. అరుపులు ఎవరైనా అరుస్తారు. అరుపు తర్వాత సందడి వినండి. 'కట్' అనేసరికి, అంతదాకా ఊపిరి బిగపట్టినవాళ్లందరూ ఒక్కసారిగా మాట్లాడతారు. దగ్గేవాడు దగ్గుతాడు, టీ అడిగేవాడు అడుగుతాడు. అదీ షూటింగ్."

గత వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమె వ్యానులో కాకినాడ నుంచి వచ్చిన శ్యామలాదేవి, ఆమె భర్త సత్యనారాయణమూర్తి, వారి బంధువులు కొందరు ఉన్నారు. మూర్తిగారు ప్రభుత్వోద్యోగం చేసి విరమించినవారు, హాస్యప్రియులు. శ్యామలాదేవి తక్కువ మాట్లాడే మనిషి.

భోజనానికి కృష్ణానగర్ వెళ్లే దారిలో, జూబ్లీ హిల్స్‌లోని ఒక సందులో కమలాకర్ వ్యాను నెమ్మది చేశాడు. అక్కడ ఒక పాత బంగళా ఉంది. యజమానులు అందులో ఉండరు; షూటింగులకు అద్దెకిస్తారు. పెళ్లిళ్లు, కొట్లాటలు, ఆస్తి తగాదాలు అన్నీ ఆ ఇంట్లో తెరకెక్కాయి. ఆ రోజు గేటు పక్కన జనరేటర్ వ్యాను, సెట్టు సామాన్ల లారీ నిలిచి ఉన్నాయి. గేటు ఊచల సందుల్లోంచి ఇద్దరు కుర్రవాళ్లు ఫోన్లతో వీడియో తీస్తున్నారు.

అప్పుడే లోపలినుంచి ఒక ఆడమనిషి కేక వినబడింది.

"ఎవలన్న రాండ్రీ! సచ్చిపోతుండు, ఎవలన్న రాండ్రీ!"

వ్యానులో అందరూ కిటికీలవైపు ఒరిగారు.

"మీ అదృష్టం బాగుందండీ. టేక్ నడుస్తోంది" అంది లీలాకుమారి.

"నాకు ఒళ్లు జలదరించింది" అన్నారు శ్యామలాదేవి.

"జలదరించాలనే కదండీ అరిచేది. నేనూ ఎన్ని చావులకు అరిచానో! చూస్తూ ఉండండి, ఇదే మాట, ఇదే గొంతుతో మళ్లీ అంటుంది."

వ్యానులో కొందరు నవ్వారు. కేక మళ్లీ వచ్చింది. అదే మాట. అదే గొంతు.

వ్యాను గొల్లుమంది. మూర్తిగారు చప్పట్లు కొట్టి, "ఈ పాప పైకొస్తుందండోయ్! మన ఇంట్లో గిన్నె పడినా ఇంతకంటే గట్టిగా అరుస్తారు గానీ, ఈ భావం ఏదీ?" అన్నారు. గేటు దగ్గరి కుర్రవాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. వ్యాను కదిలింది.

సందు మలుపు తిరిగి పెద్దరోడ్డు ఎక్కాక శ్యామలాదేవి ముందు సీటువైపు వంగారు.

"లీలగారూ, మిమ్మల్ని ఒకటి అడగనా? సందడి ఏదండీ?"

"ఏ సందడండీ?"

"పొద్దున్న మీరే చెప్పారుగా. రెండుసార్లు అరిచింది. రెండుసార్లూ ఎవరూ మాట్లాడలేదు. దగ్గనైనా దగ్గలేదు."

లీలాకుమారి వెనక్కి తిరిగి, దాటివచ్చిన సందువైపు చూసింది. జనరేటర్ వ్యాను ఉంది, నిజమే. కాని దాని మోత వినబడిందా? గుర్తుకు రాలేదు. వినలేదు గనక గుర్తు లేదో, అలవాటైన మోత గనక గుర్తు లేదో తేల్చుకోలేకపోయింది.

"కమలాకర్, వెనక్కి తిప్పు."

అతడు అద్దంలోంచి ఆమె ముఖం చూశాడు. "ఏందక్కా, మజాకా? తిప్పి ఏం జేస్తవ్?"

"లోపలికెళ్లి చూస్తా."

"జర సోచాయించు. షాట్ల అడుగు వెట్టినవంటే మల్ల మనకు గీ రోడ్లన్నీ బంద్. పోయినసారి ఏమైందో యాదిలేదా? హాస్టల్ల కూరగాయలు కోస్తవా మల్ల?"

"కోస్తాను. తిప్పు."

"మనకెందుకొచ్చిన గొడవండీ, అవతల భోజనం చల్లారిపోతుంది" అన్నారు మూర్తిగారు.

"మీరు కాసేపు ఊరుకోండి" అన్నారు శ్యామలాదేవి. ఆయన ఊరుకున్నారు.

వాహనాల రద్దీలో వెనక్కి తిరగడానికి చోటు దొరకలేదు. ముందున్న కారు కదలదు. వెనుకనున్న ఆటో హారను ఆపదు. కమలాకర్ సణుగుతూనే స్టీరింగు తిప్పి, ఎదురుదారిలో కొంతదూరం పోనిచ్చి సందులోకి దూర్చాడు.

ఇప్పుడు కేకలు లేవు. ఫోన్ల కుర్రవాళ్లు వెళ్లిపోయారు. జనరేటర్ వ్యాను తలుపుకు తాళం వేసి ఉంది. అయినా నిశ్శబ్దం ఏదీ రుజువు చేయదు. షాటు నడిచేటప్పుడూ ఇంత నిశ్శబ్దమే ఉంటుంది. ఎంతోకాలం కష్టపడి తిరిగి సంపాదించుకున్న నమ్మకం ఆ గేటుకు ఇవతల ఉంది. అవతల ఏముందో తెలియదు.

ఆమె గేటు తోసింది. లోపల కార్లు నిలిపే చోటుదాకా నడుస్తూ, ఏ క్షణాన ఎవరు "ఫ్రేములోకి వచ్చిందెవరు?" అని గద్దిస్తారోనని భుజాలు బిగపట్టుకుంది. చివరికి తానే అడిగింది.

"సార్! షాట్ ఉందా సార్?"

ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగింది. ఈసారి పూర్తి గొంతుతో. ఆ గొంతు ఇల్లంతా తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది.

అప్పుడు పరుగెత్తింది.

ఇంటి వెనుక నేలలోని నీళ్ల సంపు మూత తీసి ఉంది. కాపలాదారు లక్ష్మయ్య భార్య మల్లమ్మ దాని అంచున కూర్చుని, ఒక కాలు లోపలి నిచ్చెన మీద పెట్టి ఉంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మరునాడు షూటింగ్ ఉందని, చాలాకాలంగా మూసి ఉంచిన సంపును కడగడానికి లక్ష్మయ్య దిగాడు. దిగినవాడు కూలబడ్డాడు. బయటి బండ్లు మరునాటి షూటింగ్ కోసం ముందుగా తెచ్చి పెట్టినవి.

లీలాకుమారి మల్లమ్మ రెక్క పట్టుకుని ఇవతలికి లాగింది.

"ఇడువు! ఆయన పడిపోయిండు. పిలిస్తె పలుకుతలేడు. నేను దిగుత, ఇడువు!"

"నువ్వు దిగితే నువ్వూ పలకవు. కూర్చో!"

వెనకనుంచి వచ్చిన కమలాకర్ అప్పటికే చెప్పులు విడిచాడు. ఆమె అతని చొక్కా కాలరు పట్టుకుంది. "నువ్వు కూడా! గాలి చెడిపోయిందిరా లోపల. కృష్ణానగర్‌లో ఒకరి వెనక ఒకరు దిగి ఇద్దరు పోలేదా? దిగకు."

"మరి సూస్కుంట నిలవడాల్నా?"

శ్యామలాదేవి అప్పటికే మల్లమ్మ పక్కన నిలబడి, ఫోనులో అంబులెన్సుకూ అగ్నిమాపకదళానికీ చిరునామా చెబుతున్నారు. మూర్తిగారు గేటు బయట రోడ్డు మధ్యన నిలబడి, వచ్చేవారికి దారి చూపడానికి తువ్వాలు ఊపుతున్నారు. ఇంతలో కమలాకర్‌కు గేటు పక్కనున్న లారీ గుర్తొచ్చింది. తెరమీద తుఫాను పుట్టించడానికి వాడే పెద్ద ఫ్యాను అందులో ఉంది. అతడూ లీలాకుమారీ దాన్ని కిందికి దింపి, ఇంటి వెనక్కి ఈడ్చుకొచ్చి, ఇంటి కరెంటుకు కలిపి, సంపు నోటివైపు తిప్పారు. ఆకులు, దుమ్ము, మల్లమ్మ చీర కొంగు అన్నీ ఎగిరాయి. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. మల్లమ్మ మాత్రం పెదవులు కదుపుతూనే ఉంది, లోపలికి చూస్తూ.

అగ్నిమాపక సిబ్బంది ముఖాలకు గాలి తొడుగులు పెట్టుకుని దిగి లక్ష్మయ్యను పైకి తెచ్చారు. ఊపిరి ఉంది. స్పృహ మరునాటిగ్గాని పూర్తిగా రాలేదు. మనిషి బతికాడు, ఎడమచెయ్యి మాత్రం ఇప్పటికీ వణుకుతుంది. ఇంకొంచెం ముందు బయటికి తీసి ఉంటే వణుకు ఉండేది కాదేమోనని ఆసుపత్రిలో ఒకరన్నారు. కాదేమో అని మరొకరన్నారు. తేల్చి చెప్పగలవారు లేరు.

గేటు దగ్గరి కుర్రవాళ్ల వీడియో ఆ సాయంత్రానికే ఊరంతా తిరిగింది. అందులో మల్లమ్మ కేక ఉంది. వ్యాను కిటికీలోంచి లీలాకుమారి గొంతు, "టేక్ నడుస్తోంది" అనడం, తర్వాత నవ్వులు, చప్పట్లు, అన్నీ ఉన్నాయి. ఆమె తిరిగి రావడం మాత్రం అందులో లేదు. అప్పటికి తీసేవాళ్లు వెళ్లిపోయారు. చూసినవారు తీర్పు చెప్పడానికి సందేహించలేదు.

తీర్పు చెప్పదలచినవారు రెండు వైపులా చూడాలి. అది షూటింగుల ఇల్లు. బండ్లు నిజంగా ఉన్నాయి. కేక రెండుసార్లు ఒకే తీరుగా వచ్చింది. ఎదురింటి కాపలాదారు కూడా విని, షూటింగే అనుకుని కుర్చీలోంచి లేవలేదు. అతని గొంతు వీడియోలో లేదు గనక అతన్నెవరూ ఏమీ అనలేదు. ఇదంతా ఆమె పక్షాన నిలుస్తుంది. కాని అందరికీ నేర్పే పరీక్షను అవసరమైన రోజున తాను పెట్టుకోలేదు. తన వృత్తిజ్ఞానం మీది ధీమాతో, ఒళ్లు జలదరించిందన్న మనిషి మాటను నవ్వులో కలిపేసింది. ఇదీ నిలుస్తుంది. ఒకటి మరొకదాన్ని కొట్టివేయదు.

వారం తిరక్కుండా ఆ సందుల నివాసుల సంఘం సందర్శకుల వాహనాలను లోపలికి రానివ్వరాదని నిశ్చయించింది. కమలాకర్ మండిపడ్డాడు. "లోపటికి పోయినందుకు బంద్ వెట్టిన్రంటే అర్థముంది. మనిషిని బతికిచ్చినంక బంద్ వెడ్తరా? పోయి అడుగుదాం పా!"

"లోపలికెళ్లినందుకు కాదురా. ముందు వెళ్లిపోయినందుకు" అంది లీలాకుమారి. అడగడానికి వెళ్లలేదు.

మల్లమ్మ దగ్గరికి మాత్రం వెళ్లింది. లక్ష్మయ్య ఆసుపత్రినుంచి వచ్చి, బంగళా వెనకగదిలో మంచం మీద ఉన్నాడు. మల్లమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కూర్చోమనలేదు. లీలాకుమారి నిలబడే ఉంది.

"నేను మొత్తుకుంటుంటె మీరు నవ్విన్రు. ఇన్న" అంది మల్లమ్మ, చేట మీదినుంచి తల ఎత్తకుండా. "ఇంకోపారి మొత్తుకున్న. సప్పట్లు గొట్టిన్రు. గది గూడ ఇన్న."

లీలాకుమారి అవునంది. కారణాలు చెప్పలేదు.

మల్లమ్మ మరికొన్ని రాళ్లు ఏరి పారేసింది. "గా ఎన్క మల్ల ఒచ్చినవ్. నేను దిగుతుంటె గుంజినవ్. గది గూడ ఉన్నది." అప్పుడు చేట పక్కన పెట్టి, గుమ్మంలో కొంచెం జరిగింది. "కూసో."

ఆ వ్యాను ఇప్పుడూ నడుస్తోంది. పెద్దమ్మ గుడి, సమాధులు, గోల్కొండ, చెరువు, కృష్ణానగర్ భోజనం యథాప్రకారం ఉన్నాయి. జూబ్లీ హిల్స్ సందులు లేవు. ఫిల్మ్ నగర్‌లో ఎక్కడైనా పెద్దరోడ్డు పక్కన షూటింగ్ కనబడితే ఆపుతుంది. పాఠం కూడా ముందరి మాటలతోనే చెబుతుంది; చివర మాత్రం కొంత చేర్చింది.

"సందడి వినబడకపోతే నాతో చెప్పండి. నేను కాదంటాను. అయినా చెప్పండి."